పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌కు ఒక్కరే

తొమ్మిదేళ్లుగా ఒక ఉత్తరం నా గుండెల మీద ఉంది. కాగితం ఎప్పుడో చింపేశాను. బరువు మాత్రం దిగలేదు. మొన్న పక్కింటి టీవీలో క్రికెట్ వస్తోంది. ఆట జరుగుతున్న ఊరి పేరు చెప్పారు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్. చేతిలో గ్లాసు ఉన్నది ఉన్నట్టు కింద పెట్టి గదిలోకి వెళ్లి కూర్చున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కనకే మీతో చెప్పగలుగుతున్నాను. చివరిదాకా వినండి చాలు. నన్ను ఓదార్చకండి.

తొంభైల చివర బారువ దగ్గర ఒక మత్స్యకారుల ఊళ్లో నేను బడి పంతులమ్మని. మా సొంత ఊరు కోటబొమ్మాళి. పెళ్లి కాలేదు. అప్పటికే నలభై దాటాయి. సెలవులకు అన్నయ్య ఇంటికి వెళ్తే వదిన మర్యాదగానే చూసేది. మూడో రోజుకల్లా బడి ఎప్పుడు తెరుస్తారని అడిగేది. ఊళ్లో నాకు ఒక అద్దె గది. సాయంత్రం తలుపు వేసుకుంటే మర్నాడు హాజరు పిలిచేదాకా నా గొంతు నాకే వినిపించేది కాదు.

నీలమ్మ ఒడ్డున చేపలు ఎండబెట్టి సంతల్లో అమ్ముకునేది. పిల్లల్లేరు. మొగుడు దండాసి సరుకుల ఓడలో పనికి పోయాడు. ఒకరోజు ఆమె ఇంగ్లీషు ఉత్తరం ఒకటి పట్టుకుని బడికి వచ్చింది. దండాసి ఓడలో పైనుంచి పడ్డాడని, నడుము విరిగిందని, ట్రినిడాడ్ అనే దీవిలో దించి అక్కడి రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఆసుపత్రిలో చేర్చారని, ఇప్పట్లో కదిలించే వీలు లేదని అందులో ఉంది. రాసింది ఆ ఆసుపత్రిలో రోగుల మంచిచెడ్డలు చూసే ఒకావిడ. నీలమ్మ ఏడవలేదు. ఎంత దూరమని అడిగింది. బడి అట్లాసు తీసి చూపించాను. ఆమె వేలు పెడితే దీవి మొత్తం వేలి కింద కనబడకుండా పోయింది.

ఆ రోజు నుంచి రోజూ బడి వదిలేవేళకు వచ్చేది. బడి వరండాలో కూర్చుని ప్రయాణం మాట్లాడుకునేవాళ్లం. ఆమెకు భాష రాదు కనక నేను తోడు వెళ్లాలని ఎవరు ముందు అన్నారో గుర్తు లేదు. నేనే అయి ఉంటాను. ప్రయాణం ఖర్చు పెట్టుకోమని ఓడ కంపెనీని అడుగుతున్నామని ఆ ఆసుపత్రి ఆవిడ మళ్లీ రాసింది. ఇద్దరం పలాస వెళ్లి ఫొటోలు దిగాం, విశాఖ వెళ్లి పాస్‌పోర్టులకు కాగితాలిచ్చాం. రైల్లో నీలమ్మ నాకు అరిటాకులో అన్నం, చేపల వేపుడు పెట్టింది. నా కోసం ఎవరైనా ప్రత్యేకంగా వండి ఎన్నేళ్లయిందో అప్పుడు గుర్తొచ్చింది.

ఒక నోటుబుక్కులో అన్నీ రాసేదాన్ని. పలాసలో ఏ రైలెక్కాలి, బొంబాయిలో ఎక్కడ దిగాలి, విమానం ఎక్కడెక్కడ ఆగుతుంది. దండాసికి ఎండు మెత్తళ్లు తీసుకెళ్తే విమానంవాళ్లు పారేస్తారా? స్వెట్టరు కావాలా? అక్కడ చలి ఉండదని, మన ఉద్దానంలాగే కొబ్బరిచెట్లని ఆవిడ రాసింది. ఎప్పుడో మన దేశం నుంచి వెళ్లినవాళ్ల మనవలు ఆ పట్నంలో చాలామంది ఉన్నారట. ఆవిడ పేరూ మనవాళ్ల పేరే. మన భాషలు మాత్రం రావు. మనకు తెల్లవారేటప్పటికి అక్కడ ఇంకా ముందురోజే అని చెబితే, అయితే ఆయన నిన్నట్లోనే ఉన్నాడన్నమాట అని నీలమ్మ చాలాసేపు నవ్వింది. ఒకసారి పలాసలో ఎస్టీడీ బూత్ నుంచి ఆసుపత్రికి ఫోను చేశాం. ఫోను వార్డు దాకా రాదన్నారు.

ఆమెకు సంతకం నేర్పింది నేనే. ఏ ఫారానికి అవసరం పడుతుందోనని కింద సంతకం చేసిన తెల్లకాగితాలు నాలుగు నా దగ్గరే ఉంచింది.

పాస్‌పోర్టులు వచ్చాక ఒక మధ్యాహ్నం పోస్టుమాన్ ఉత్తరం తెచ్చి నా చేతికిచ్చాడు. ఆమె ఉత్తరాలన్నీ బడి అడ్రసుకే వచ్చేవి. అక్కడే నిలబడి చదివాను. కంపెనీ ఒప్పుకుంది. భార్య ఒక్కరికే. పలాసలో ఎక్కిస్తే చాలు, బొంబాయి స్టేషన్‌లో వాళ్ల మనిషి కలుసుకుని విమానం దాకా తీసుకెళ్తాడు. అవతల ఈ ఆవిడే వచ్చి తన ఇంటికి తీసుకెళ్తుంది. భాష గురించి బెంగ వద్దు, సైగలతో సర్దుకుంటాం అని కూడా రాసింది. వెంటనే ఒప్పుకోలు పంపమంది. గాయం చీము పట్టిందట, డాక్టర్లకు ఆశ తగ్గుతోందట.

రెండుసార్లు చదివాను. నా పేరు ఎక్కడా లేదు.

ఆ సాయంత్రం నీలమ్మ వచ్చింది. తలలో కనకాంబరాలు.

"ఉత్తరమేటైనా ఒచ్చిందేటి పంతులమ్మా?"

"లేదు నీలమ్మా. ఇంకా రాలేదు."

"ఒస్తాదిలే. మీరున్నారు కదా, నాకేటి బయ్యం."

ఆ ఒక్క సాయంత్రానికే దాద్దామనుకున్నాను. రేపు చెబుతాను కదా అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక ఇప్పుడు మీ ముందు కాస్త మంచిగా కనబడటానికి అలా రాస్తున్నానా? ఆమె వెళ్లిపోతే ఆ వరండాలో నేనేం చేయాలి? తిరిగొచ్చాక ఆమెకు మొగుడుంటాడు, చూసొచ్చిన దేశం ఉంటుంది, నాతో పని ఉండదు. ఇలాంటివి ఆ రోజు మాటలుగా అనుకోలేదు. కానీ చేయి వాటి ప్రకారమే కదిలింది.

మర్నాడు ఆమె సంతకం ఉన్న తెల్లకాగితం తీశాను. నేను ఒంటరిగా రాలేను, భాష రాదు, భయం, మా ఊరి టీచరును నాతో పంపితేనే వస్తాను అని ఇంగ్లీషులో రాశాను. బారువలో వేస్తే పోస్టాఫీసులో అడుగుతారని బస్సెక్కి టెక్కలి వెళ్లి అక్కడ వేశాను. వచ్చే దారిలో ఇద్దరికీ సరిపోయే పెద్ద సంచీ ఒకటి కొన్నాను.

ఆ తర్వాత దాదాపు నెలన్నర. ఇది చెప్పడమే అన్నిటికన్నా కష్టంగా ఉంది. నా బతుకులో నేను సంతోషంగా ఉన్న రోజులు అవే. రోజూ ఉత్తరం వచ్చిందా అని ఆమె అడిగేది, లేదని నేననేదాన్ని, ఇద్దరం నోటుబుక్కు తెరిచేవాళ్లం.

జవాబు వచ్చింది. దండాసి పోయాడు. ఓడవాళ్లే అక్కడ దహనం చేయించారు. ఆ ఆవిడ దగ్గరుండి చూసిందట. నీలమ్మకు చదివి చెప్పాను. అన్నీ చెప్పాను, ఆవిడ రాసిన రెండు వాక్యాలు తప్ప. మీరు ఒంటరిగా రాలేనన్న సంగతి ఆయనకు తెలియజేశాం. అందుకు ఆయన, నా భార్య దేనికీ భయపడే మనిషి కాదు అని మాత్రం అన్నారు.

అంటే ఏమనుకుని పోయాడు? భయం కాదు, రావడం ఇష్టం లేదనుకున్నాడా? లేక ఆ మాటలు ఆమెవి కావని పోల్చుకున్నాడా? రెండోదే అయి ఉండాలని ఎన్నోసార్లు కోరుకున్నాను. ఆ కోరిక కూడా ఆయన కోసం కాదు, నా కోసమే. తారీఖులు చూసుకున్నాను. రమ్మన్న ఉత్తరం నాకు అందాక ఆయన ఇరవై మూడు రోజులు బతికి ఉన్నాడు. ఆమె చేరగలిగేది.

నీలమ్మ ఒడ్డు మీదే కూలబడిపోయింది. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను. ఆ చేత్తోనే.

మరుసటేడు ఆమె తమ్ముడి కుటుంబంతో గుజరాత్‌లో వేరావల్ వెళ్లిపోయింది, చేపల కంపెనీలో పనికి. నాకు టెక్కలి బదిలీ అయింది. నాలుగేళ్ల క్రితం పలాస స్టేషన్‌లో ఎదురుపడింది. జుట్టు నెరిసింది. నా రెండు చేతులూ పట్టుకుని, వెంట ఉన్నవాళ్లకు నన్ను చూపించి, ఈ పంతులమ్మ తన కోసం పడ్డ పాట్లు సొంత అక్క కూడా పడదని చెప్పింది. వాళ్లు నాకు దండం పెట్టారు. నేను తిరిగి దండం పెట్టాను. అప్పుడైనా చెప్పొచ్చు. రైలు పావుగంట ఆగింది. కొబ్బరిబొండం కొనిచ్చాను.

ఉత్తరం రాద్దామంటే నీలమ్మకు చదువు రాదు. నా తప్పును ఆమెకు ఇంకెవరో చదివి వినిపించాలి. వాళ్లు ఏ వాక్యం దాటవేస్తారో నాకు తెలియదు. నేనే వెళ్లాలి. రైలు దొరకని ఊరేమీ కాదు. ఇప్పటిదాకా వెళ్లలేదు. వెళ్తానని మీకు మాట కూడా ఇవ్వను. మాటలు ఎలా ఇస్తానో మీరు చూశారు.

ఆమె తన మొగుడి దగ్గరికి వెళ్లగలిగేది. ఆ పిలుపు దాచింది నేను. రానని ఆమె పేరుతో రాసింది నేను. నా ఒంటరితనానికి తోడు కావాలని ఆయన్ను ఒంటరిగా చావనిచ్చాను.

రాసేశాను. కాస్త ఊపిరి ఆడుతోంది. ఆడటం న్యాయమో కాదో నాకు తెలియదు. ఆడుతోంది.