కంట్రోలు మనిషి

మా ఇంటి పెద్దమ్మ ఈ నెల మొదట్లో, ఒక శనివారం పొద్దున పోయింది. హౌరాలో నేను అద్దెకుంటున్న ఇల్లు ఆవిడదే. చుట్టరికం ఏమీ లేదు. పరిశోధన కోసం కరీంనగర్ నుంచి ఇక్కడికొచ్చిన నన్ను తెలుగులో తిట్టే మనిషి ఈ ఊళ్లో ఆవిడొక్కతే. లాంచీలో నది దాటుతుంటే ఆవిడ కోడలు ఫోన్ చేసింది. కుళాయి కింద బిందె పెట్టి పక్కనే కూలబడిపోయిందట. అవతలి గట్టు చేరి, అదే లాంచీలో వెనక్కి వచ్చేసరికి అంతా అయిపోయింది. గుండెపోటన్నారు.

నా చదువంతా ఆ జబ్బు గురించే. మా ల్యాబ్‌లో మైక్రో ఆర్ఎన్ఏల మీద పనిచేస్తాం. ఏ జన్యువు ఎంత పనిచేయాలో అదుపుచేసే అతి చిన్న ముక్కలవి. గుండె రక్తనాళాలు పూడుకుపోతుంటే వాటిలో కొన్ని రక్తంలో పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి. వాటిని చూసి, నొప్పి రాకముందే జబ్బును పసిగట్టగలమా అన్నది మా ప్రశ్న. గట్టి జవాబు ఇంకా దొరకలేదు. పోల్చి చూడటానికి జబ్బు లేదనుకున్నవాళ్ల రక్తం కూడా కావాలి. ఆ గుంపును కంట్రోల్ అంటాం.

ఆ గుంపుకు మనుషులు దొరకడం లేదని ఓసారి అన్నం తింటూ వాపోయాను. పెద్దమ్మ చెయ్యి చాపి, నాది తీసుకో అంది. కార్పొరేషన్‌లో ఏళ్ల తరబడి వీధులూడ్చిన చెయ్యి అది. మర్నాడు ఇస్త్రీ చీర కట్టుకుని పరగడుపున నాతో లాంచీ ఎక్కింది. ఈసీజీ తీశారు, ఏవో ప్రశ్నలడిగారు, రక్తం తీశారు. బయటికి రాగానే కచూరీల బండి దగ్గర ఆగి నాకంటే ఎక్కువే తింది. తనను ఏ గుంపులో వేశారని అడిగితే చెప్పాను.

"కంట్రోలేటి గుంటా? బియ్యంలాగేటి?"

వాళ్ల శ్రీకాకుళం వైపు ఆడపిల్లను గుంట అని, రేషన్ బియ్యాన్ని కంట్రోలు బియ్యం అని అంటారు. అప్పట్నించి తాను కంట్రోలు మనిషినని వీధంతా చెప్పుకుంది. చేపలమ్మే దాదాకి బెంగాలీలో వివరించింది. పరీక్ష పాసైనంత సంబరం. అది పాసవడం కాదని ఎంత విడమర్చి చెప్పినా చెవికెక్కించుకోలేదు.

ఆవిడ పద్ధతే అంత. మనవలు బెంగాలీలో అడిగితే అన్నం వడ్డించేది కాదు, తెలుగులో అడిగేదాకా గరిటె పట్టుకుని కూర్చునేది. నా 'గట్ల', 'గిట్ల' విని, అదీ ఓ తెలుగేనా అని నవ్వేది. అలా నవ్వుతూనే నాకు ఇంకో ముద్ద ఎక్కువ వేసేది.

పోవడానికి కొన్నాళ్ల ముందు దవడ లాగుతోందని, మెట్లెక్కితే ఆయాసమొస్తోందని కోడలి దగ్గర అందట. డాక్టర్ దగ్గరికి పోదామని ఇద్దరం పట్టుబట్టాం.

"నా నెత్తురు మీ పెద్దోలు సూసి కంట్రోల్లో ఎట్టినారు. నా గుండికేటవుద్ది?"

"పెద్దమ్మా, కంట్రోల్ అంటే జబ్బు లేదని కాదు. ఇంకా బయటపడలేదని, అంతే."

"బయటపడందాన్ని నానేల ఎతకాల?"

బతిమాలగా బతిమాలగా సోమవారం వస్తానంది. ఆ సోమవారం రాలేదు. మొండిది. నాకు ఇప్పటికీ ఆవిడ మీద కోపం తగ్గలేదు. చూపిద్దామంటే ఎదురుగా మనిషి లేదు.

దినవారాలయ్యాక ల్యాబ్‌కి వెళ్లాను. మా మేడమ్ కాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. తర్వాత, ఇష్టం లేని మాట చెబుతున్నట్టు, జబ్బు బయటపడకముందు తీసిన రక్తం మనకు చాలా అరుదని, మనం వెతుకుతున్నది ఇలాంటిదేనని అంది. ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే ఆవిడ ట్యూబును కంట్రోల్ పెట్టెలోంచి వేరే పెట్టెలోకి మార్చాలి. పెద్దమ్మ కొడుకుని అడిగాను. అమ్మ ఇచ్చిందే కదా, పనికొస్తే వాడుకోమన్నాడు.

మాకు నంబర్లే తప్ప పేర్లు కనపడవు. ఇన్నాళ్లూ వాటిలో ఆవిడది ఏదో నాకు తెలియదు. మేడమ్ నంబరు చెప్పాక ఫ్రీజర్ తెరిచాను. కణాలన్నీ తీసేసిన రక్తం ఎర్రగా ఉండదు. ట్యూబు అడుగున లేత పసుపు రంగులో కాస్తంత గడ్డకట్టి ఉంది. దాన్ని తీసి పక్క పెట్టెలో పెట్టాను. కంట్రోల్ పెట్టెలో నిండుగా ఉన్న వరసల మధ్య ఒక్క గడి ఖాళీ అయింది. చూస్తుండగానే దాని అంచున తెల్లగా మంచు పట్టింది.