పెద్దమ్మ గడప దగ్గర ఆగిన కార్డు

పక్కింటి పెద్దమ్మ పోయింది. పొద్దున్నే ఆమె కోడలు మా తలుపు కొట్టి, "అక్కా, అత్త లేస్తలేదు, జర రా" అంది. నేను వెళ్లేసరికి పెద్దమ్మ తన మంచం మీదే, కిటికీ వైపు తిరిగి ఉంది. దిండు పక్కన చిన్న కత్తెర. తన ఇంట్లో పోవాలని ఆమె ఎప్పుడూ అనలేదు. తన ఇంట్లో బాగుపడాలని మాత్రం అంది. కాలి పుండు సగం మానింది కూడా. గుండె ఆగింది.

గుజరాతీల నగరం అంచున ఉన్ అనే పేట మాది. మా బిల్డింగు నిండా తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాలే. మగవాళ్లు మరమగ్గాల మీదికి, అదే సాంచెల మీదికి పోతారు. ఆడవాళ్లకు సలాబత్‌పురా బజారు నుంచి టెంపోలో సాడీల మూటలు వస్తాయి. చీరలకు వేలాడే దారాలు కత్తిరించి, మడతపెట్టి తిరిగి పంపాలి. పెద్దమ్మ ఆ పని చేస్తూ అందరినీ ప్రశ్నలు అడిగేది.

"ఈ సాడీలు ఏ ఊరికి పోతయి?" అని టెంపో అతన్ని అడిగింది ఒకసారి.

"నాకేం ఎరుక కాకీ?" అన్నాడు, ఇక్కడి వరసలో పిన్నీ అన్నట్టు.

"ఎవరు కట్టుకుంటరో తెల్వకుంటనే మోస్తున్నవా?"

ఆ తర్వాత అతనే కనుక్కుని వచ్చి, కింద నుంచి కేకేసేవాడు: "కాకీ, ఇవి పట్నాకు!" ఎవరైనా నవ్వితే పెద్దమ్మ, "అడిగితే ఏం పోతది, నోరేనాయె" అనేది.

షుగర్ వల్ల కాలికి పుండు పడి, నగరంలోని దవాఖానలో చేరింది. సర్కారు బీమా కార్డు ఉంది కాబట్టి ఆపరేషను జరిగిపోయింది. చిక్కు ఇంటికి వచ్చే ముందు మొదలైంది. పుండు మానేదాకా రోజు విడిచి రోజు కట్టు మార్చాలి. మళ్లీ దవాఖానలో చేరి భర్తీ అయితే కార్డు నడుస్తుంది, ఇంట్లో చేయించుకుంటే నడవదు. కొడుకు భర్తీ చేద్దామన్నాడు.

"నేను ఆడ పండుకుంటే మీ ఇద్దరిల ఒకరు నా పక్కకు కూసోవాలె. సాంచెలెవరు నడుపుతరు, సచ్చిపోయిన మీ నాయనా?" అంది పెద్దమ్మ.

బిల్డింగులో కాగితాలు చదివి పెట్టేది నేనే కాబట్టి కార్డు కౌంటరుకు నన్ను తోడు తీసుకెళ్లింది. తనకు వచ్చిన హిందీలో అక్కడి అబ్బాయిని అడిగింది. "సేటు పని నా ఇంటికే పంపుతడు. నా మంచం మీద కూసోని కత్తిరిస్త. ఇంట్ల చేసినవు, ఇది పని కాదు అంటడా? మరి అదే మంచం మీద కట్టు కడితే వైద్యం కాదా?"

అతను నవ్వాడు. తర్వాత నిజంగానే స్క్రీన్ మీద వెతికాడు. "ఇందులో ఆ ఖానా, ఆ గడి లేదు మాజీ" అన్నాడు.

"లేకుంటే పెట్టుండ్రి."

వెనక వరస అంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఇంటి ఖర్చు ఏ రోజుది ఆ రోజు రాసుకునే అలవాటు నాది, దేనికైనా ఒక పద్దు ఉండాలి. ఈ ప్రశ్నను ఏ పద్దులో పెట్టాలో ఆ రోజు తెలియలేదు. ఇంటికి వచ్చే వైద్యం కూడా బీమాలో ఉండకూడదా అని అప్పటినుంచి కనబడిన వాళ్లందరినీ నేనూ అడుగుతున్నాను. ఉండాలి అనే అంటారు అందరూ. ఎందుకు లేదంటే మాత్రం ఎవరూ చెప్పలేరు.

దవాఖాన నుంచి బయల్దేరేటప్పుడు కట్టు కట్టిన గుజరాతీ నర్సును పెద్దమ్మ అడిగింది: "నీ ఇల్లేడ బిడ్డా?"

"సచిన్ ఊళ్లో, మాజీ."

"మరి మా ఉన్ దాటకుంట ఇంటికెట్ల పోతవు?"

రెండు రోజులకే ఆ నర్సు స్కూటీ మా బిల్డింగు ముందు ఆగింది. డ్యూటీ దిగి ఇంటికి పోతూ ఆగేది. పెద్దమ్మ ఆమెనూ వదల్లేదు. పుండు లోపలి నుంచి మానుతదా, పైనుంచా? చర్మం తన రంగును ఎట్ల గుర్తుపెట్టుకుంటది? నర్సు జవాబు చెబుతుంటే కత్తెర పక్కన పెట్టి వినేది.

అది ఆ నర్సు మంచితనం. కానీ ఆమెకు బదిలీ అయితే? ఆమె ఇల్లు ఇంకో దారిలో ఉండి ఉంటే? ఆ మాట పెద్దమ్మతో అంటే, "అందుకే గద ఖానా పెట్టుమన్న" అంది.

పెద్దమ్మ పోయిన మూడో రోజు నర్సు పలకరించడానికి వచ్చింది. చెప్పులు విడిచి, అలవాటు కొద్దీ ముందు కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది. తర్వాత గోడకు నిలబెట్టిన మంచాన్ని చూసి, చేతులు తుడుచుకోకుండానే గుమ్మం వైపు తిరిగింది. ఎదురింటి ఆమె మెల్లగా తలుపు దగ్గరికి వచ్చి, "సిస్టర్, మా మామకు పక్షవాతం. జర చూస్తరా?" అంది. ఆమె వెనక ఇంకొకామె: "మా అమ్మను గూడ."

టెంపో అప్పుడే వచ్చి, ఇంటింటికీ పని దింపి పోయింది. నర్సు తడి చేతులతోనే వరండాలోకి వచ్చి, ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూసింది. ప్రతి తలుపు ముందూ, ఇంకా ముడి విప్పని సాడీల మూట ఒకటి.