నా నోట్‌బుక్‌లో వంద, మిషన్‌లో వెయ్యి

పోయిన వారం బెంగళూరు మహదేవపురలోని మా ఆఫీసులో, కొత్తగా చేరిన ఒకమ్మాయి మానిటర్ అంచుకు అతికించుకున్న కాగితాన్ని లాగి నాలుగు ముక్కలుగా చించేశాను. ఆ కాగితం చేసిన పాపమేమీ లేదు. మా సర్వర్లో మెమరీ పేజీ ఎంత పెద్దది, ఒక ప్రోగ్రామ్ ఒకేసారి ఎన్ని ఫైళ్ళు తెరవగలదు, ఒక కమాండ్ ఎంత పొడవు ఉండవచ్చు, ఇలాంటి విలువలు ఏడెనిమిది, స్కేలు పెట్టి గీసిన గళ్ళలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంది. “ఏమైంది సార్, ప్రతిసారీ అడగడమెందుకని ఒకసారి రాసి పెట్టుకున్నా, అంతే కదా,” అంది బిత్తరపోయి. క్షమించమని అడిగాను గానీ కారణం చెప్పలేకపోయాను. నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో కుస్తీ పడుతూ తొలి ఉద్యోగాలు చేసిన నా ఈడువాళ్ళకైనా చెప్పుకుందామని ఇది రాస్తున్నాను.

పన్నెండేళ్ళ కిందటి మాట. హొసకోటె దాటాక, పాత మద్రాసు రోడ్డు పక్కన, కార్ల తలుపులకు ఇనుప రేకులు వత్తే ఒక ఫ్యాక్టరీ ఉండేది. అక్కడి ప్రెస్సులను నడిపే కంప్యూటర్లకు ప్రోగ్రామ్ రాసిచ్చే చిన్న కంపెనీలో నేను ఉద్యోగిని. నా పైన, మదనపల్లె వైపు నుంచి వచ్చిన సీనియర్ ఒకాయన ఉండేవాడు. నాకు చిన్నప్పటి నుంచి ప్రతిదీ వరుస నంబర్లు వేసి రాసుకునే అలవాటు. చొక్కా జేబులో పట్టే నోట్‌బుక్‌లో నేను చూసిన ప్రతి మిషన్ వివరాలూ ఉండేవి. “వీడికి పెళ్ళి చేస్తే తాళి కట్టి, పక్కన టిక్కు పెట్టుకున్నాకే అక్షింతలు వేయించుకుంటాడప్పా,” అని మా సీనియర్ అందరి ముందూ ఆట పట్టించేవాడు. నేను ఆ మాటను మెప్పుగానే తీసుకునేవాణ్ణి.

ఆయన పెట్టిన నియమం ఒకటుంది. కొత్త కంప్యూటర్ బిగించినప్పుడల్లా దాని ముందు కూర్చుని, గెట్‌కాన్ఫ్ అనే కమాండ్‌తో దాని లోపలి విలువలను ఒక్కొక్కటిగా దాన్నే అడిగి, వచ్చిన జవాబును ఫారంలో రాయాలి. మొత్తం ఇరవై రెండు విలువలు. కంప్యూటర్ లోపలి గడియారం సెకనుకు ఎన్ని టిక్కులు కొడుతుందన్నది వాటిలో పదిహేడోది. ఫారంలో రాసిన అంకెను మా ప్రోగ్రామ్‌లోకి ఎక్కిస్తే, అది సెకన్లను ఆ టిక్కులతోనే లెక్కపెట్టేది. అప్పటిదాకా నేను చూసిన మిషన్లన్నిటిలోనూ అది వందే. అందుకని ఒక ఆదివారం, ఫ్యాక్టరీ ఖాళీగా ఉన్న రోజున, ఆరో నంబరు ప్రెస్సుకు కొత్త కంప్యూటర్ పెట్టినప్పుడు నేను దాన్నేమీ అడగలేదు. జేబులోని నోట్‌బుక్ తీసి, ఇరవై రెండు గళ్ళూ చక్కటి చేతిరాతతో నింపేశాను. నన్ను నమ్మి మా సీనియర్ కింద సంతకం పెట్టాడు. రేకులు వత్తి చూశాం. వంపు సరిగ్గా వచ్చిందా, ఒత్తిడి సరిపోయిందా, అన్నీ కొలిచాం. ప్రెస్సు దిగే ముందు హారన్ మోగి మూడు సెకన్ల వ్యవధి ఉండాలి. మనిషి కోసం పెట్టిన ఆ మూడు సెకన్లను మాత్రం, అక్కడ మనిషి లేడు కాబట్టి, ఎవరమూ కొలవలేదు.

సోమవారం పొద్దున మొదటి షిఫ్టు. ఆరో నంబరు ప్రెస్సు మీద పనిచేసే ఆయనది కదిరి దగ్గర పల్లె, ఎనిమిదేళ్ళుగా అక్కడే పని. రేకు కాస్త పక్కకు జరిగితే, హారన్ మోగాక కూడా చెయ్యి పెట్టి సర్ది తీసేయడం అక్కడ అందరికీ ఉన్న అలవాటు. ఏ నియమావళిలోనూ లేదు గానీ, అలా సర్దకపోతే రోజుకు చెప్పినన్ని రేకులు తీయడం కుదరదని మేనేజర్‌తో సహా అందరికీ తెలుసు. ఏడు దాటిన కాసేపటికి ఒక రేకు జరిగింది, హారన్ మోగింది, ఆయన చెయ్యి పెట్టాడు, ప్రెస్సు దిగింది. ఆ షెడ్డులోని అన్ని చప్పుళ్ళ మీదుగా వినబడిన ఆ కేకను నేను కంప్యూటర్ గదిలో ఉండి విన్నాను. పరుగెత్తి వెళ్ళేసరికి కుడిచేతి నాలుగు వేళ్ళూ లేవు. రేకు మీద నెత్తురు నూనెతో కలిసి అంచుల దాకా జారుతోంది, ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఆ చేతినే వింతగా చూసుకుంటున్నాడు.

ఆయన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళిన వ్యాను గేటు దాటకముందే మేనేజర్ కాగితం రాయడం మొదలుపెట్టాడు. కార్మికుడి నిర్లక్ష్యం, మద్యం తాగి ఉన్నట్టు అనుమానం. రాసినదాన్ని ఫోనులో పైవాళ్ళకు చదివి వినిపిస్తుండగా, గాయపడినాయన తమ్ముడు, అదే షెడ్డులో రేకులు మోసేవాడు, కిటికీ అవతల నిలబడి విన్నాడు.

ఆ తర్వాత జరిగినవి నాకు వరుసగా గుర్తున్నాయి. కిటికీ అద్దం పగిలింది. మేనేజర్ నుదురు చిట్లింది. రేకులు ఎత్తడానికి వాడే ఇనుప గడలు ముప్పై మంది చేతుల్లోకి వచ్చాయి. మేనేజర్ పరుగెత్తుకొచ్చి, నేనూ మా సీనియరూ తిరిగొచ్చి ఉన్న కంప్యూటర్ గదిలో దూరి గడియ పెట్టాడు. లోపల ముగ్గురం, అవతల వాళ్ళు.

“ఎవుడప్పా మా యన్న తాగినాడని చెప్పినోడు? రాగిముద్ద తిని వచ్చినాడు మా యన్న, సారాయి తాగి కాదు!”

“పొద్దున్నే ఏడింటికి తాగొస్తారంటనా? నీ తాతకు చెప్పు పో!”

“ముందు ఆ పెట్టెను పగలగొట్టండి రా, అదే కదా కొట్టింది!”

నాలుగో దెబ్బకు తలుపు చీలింది. మేనేజర్ బల్ల కింద దూరాడు. మా సీనియర్ కంప్యూటర్‌కు అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. “నన్ను కొట్టండప్పా, ఎన్ని దెబ్బలైనా కొట్టండి. దీన్ని మాత్రం ముట్టద్దండి, ఏం జరిగిందో ఇందులోనే ఉండాది. ఇది పోతే ఆ కాగితమే నిజమైపోతాది!” అని అరిచాడు. గడ ఆయన భుజం మీద పడింది. పచ్చి కట్టె విరిగిన చప్పుడు. అయినా ఆయన పక్కకు జరగలేదు, నా వైపు తిరిగి, “అడగరా దాన్ని,” అన్నాడు.

అడిగాను. గెట్‌కాన్ఫ్, ఒక ఖాళీ, పదిహేడో విలువ పేరు, ఎంటర్. రెప్పపాటు కూడా పట్టలేదు. తెర మీద వెయ్యి అని వచ్చింది. మళ్ళీ అడిగాను, మళ్ళీ వెయ్యే. మా ప్రోగ్రామ్ మూడు సెకన్లనుకుని మూడు వందల టిక్కులు లెక్కపెట్టింది. సెకనుకు వెయ్యి టిక్కులు కొట్టే మిషన్లో మూడు వందలంటే మనిషికి ఊపిరి తీసుకునే వ్యవధి కూడా కాదు.

ఫారం మీద ఉన్న సంతకం మా సీనియర్‌ది. మేనేజర్ కాగితం మీద ఉన్న పేరు వేళ్ళు పోయినవాడిది. తలుపు పగలగొట్టినవాళ్ళ లెక్కలో దోషి ఆ పెట్టె. తప్పు నాదని ఆ గదిలో నాకొక్కడికే తెలుసు, నోరు మూసుకుంటే ఎప్పటికీ నాకొక్కడికే తెలిసి ఉండేది. ఆ క్షణం నేను ధైర్యవంతుణ్ణని చెప్పుకోను. మా సీనియర్ మీదికి రెండో గడ లేవడం చూశాను, అంతే. అరిచాను. “వంద కాదు, ఇందులో వెయ్యి ఉంది” అన్న నా మాట మూడోసారి అరిస్తే గానీ ఎవరికీ వినబడలేదు.

“అంటే ఏంది?” అన్నాడు తమ్ముడు.

“హారన్ మోగాక మూడు సెకన్లు ఆగాల, ఆగలేదు. మీ అన్న తప్పేం లేదు. మిషన్ని అడక్కుండా రాసింది నేనే.”

తర్వాత ఏ దెబ్బ ఎవరిదో నాకు తెలియదు. ఎడమ చెవి మీద ఒకటి, దవడ మీద ఒకటి, కింద పడ్డాక పక్కటెముకల మీద బూటు కాళ్ళు, వేళ్ళ మీద మడమ. ఒకడు నా కుడిచేతిని బల్ల అంచు మీద పెట్టి నొక్కి, “వీడివి కూడా తీసేయండి రా,” అన్నాడు. విరిగిన భుజంతోనే మా సీనియర్ నా మీద బోర్లా పడ్డాడు. ఆయన బరువు, ఆయన చెమట వాసన, నా నోట్లో నెత్తుటి ఉప్పదనం నాకు ఇంకా తెలుస్తూనే ఉన్నాయి. చివరికి అందర్నీ ఆపింది ఆ తమ్ముడే. జాలితో ఆపలేదు. “చాలు. వీడు చస్తే ఆ మాట చెప్పేదానికి ఎవుడూ ఉండడు. ఆ చెయ్యి వదలండి, రాయల్ల కదా,” అన్నాడు.

నన్ను చొక్కా పట్టి కుర్చీలోకి లాగి, బల్ల కింద నుంచి మేనేజర్‌నూ లాగి, అదే కాగితం నా ముందు పెట్టారు. మేనేజర్ రాసినదాన్ని కొట్టేసి, దాని కింద ఏమేం జరిగిందో వాచిపోయిన వేళ్ళతో వరుసగా రాశాను. నా జీవితంలో అంత వంకర అక్షరాలు ఎప్పుడూ రాయలేదు. తెర మీది వెయ్యిని ముప్పై మందీ ఒక్కొక్కరుగా వచ్చి చూసి వెళ్ళారు.

ఉద్యోగం పోయింది, ఎడమ చెవి వినికిడి పోయింది. నా దవడకు కట్టు విప్పాక, వేళ్ళు పోయినాయన్ను చూడటానికి ఆసుపత్రికి వెళ్ళాను. తిడతాడనుకున్నాను. ఆయన గోడ వైపు చూస్తూ అన్నాడు. “హారన్ కొడితే నేను మనసులో లెక్క పెట్టుకుంటానప్పా. రెండు అనేలోపల చెయ్యి తీసేస్తా. ఆ పొద్దు ఒకటి కూడా అనలేదు. ఎనిమిదేండ్ల లెక్క ఎట్ల మర్చిపోతినో, నాకేమన్నా పిచ్చి పట్టిందేమో అని ఇన్ని దినాలూ ఒకటే యోచన. నా లెక్క సరిగ్గానే ఉండాది కదా?”

సరిగ్గానే ఉందన్నాను. ఆయన కట్టు కట్టిన చేతిని గుండెల మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. క్షమించానని ఆయన అనలేదు, నేను అడగనూ లేదు.

ఇప్పుడు అలాంటి ప్రెస్సుల చుట్టూ ఇనుప జాలీలు ఉంటున్నాయి, లోపల రేకులు సర్దేవి మరచేతులే, అది ఎంతో మంచి మార్పు. నేను ఇప్పుడు చూసుకునే సర్వర్లు ఏ ఊళ్ళో ఉన్నాయో నాకు తెలియదు, వాటి మీద ఆధారపడినవాళ్ళు ఎవరో అంతకన్నా తెలియదు. మాలో ఎవరైనా ఒక విలువ తప్పు రాస్తే ఏదో ఊళ్ళో ఒకరి దరఖాస్తు తిరిగి వస్తుంది, ఒకరి పేరు జాబితాలోంచి పోతుంది. వాళ్ళు ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు మన్నించమంటుంది. ఇనుప గడ పట్టుకుని మమ్మల్ని వెతుక్కుంటూ ఎవరూ రారు. ఆ దెబ్బలు మళ్ళీ తినాలని నాకు లేదు. కానీ ఎక్కడో ఎవరో, తన లెక్కే తప్పిందేమోనని ఒక్కరే కూర్చుని కుమిలిపోతూ ఉంటారు. మీ తప్పేం లేదని వెళ్ళి చెప్పడానికి, వాళ్ళెవరో మాకు తెలియదు.