చప్పుడు విని కొన్న కారు

పదేళ్లప్పుడే మా బాపు చేత పాత రేసు కారు కొనిపించిన ఘనత నాది. శంషాబాద్‌లో మాది కొబ్బరికాయల దుకాణం. ఊపితే లోపల చప్పుడైతేనే మంచి కాయ. ఆ ఇంజను టకటకమనగానే, "తీస్కో బాపూ, సరుకు మంచిగుంది!" అన్నాను.

ఇవాళ బజార్లో కాయ ఊపుతుంటే కొత్తూరు మెకానిక్ ఖాజా అన్న గుర్తొచ్చాడు. ఆనాడు ఆ టకటక ఏందో చూడమని కారు తీసుకెళ్తే, ఇంజను మూత విప్పి, వాల్వులను నొక్కే రాకర్ ఆర్మ్‌లలో బేరింగులు అరిగాయని చూపించాడు.

"కొబ్బరికాయ అనుకున్నవా బిడ్డా? ఆర్మ్‌ల సెట్టు మొత్తం మార్చాలె."

"గంత పైసలా? ఇగ కారు అమ్ముడే," అన్నాడు బాపు నీరసంగా.

"ఆర్మ్‌లు మంచిగనే ఉన్నయి గద అన్నా? ఒట్టి బేరింగులే మార్చు," అన్నాను.

ఖాజా అన్న పగలబడి నవ్వాడు. "గీ పిల్ల నీకన్న గట్టిది సేటూ!"

కొత్త బేరింగులు పడ్డాక కారు ఎయిర్‌పోర్టు రోడ్డెక్కి, టకటక లేకుండా గర్జించింది. బాపు ఈల వేశాడు.

కొన్ననాడు నేను బేరమాడి తగ్గించింది ఐదు వేలు, రిపేరుకు పోయింది తొమ్మిది వేలు. ఆ రోజు కారుకు దిష్టి తీసిన కాయ మా దుకాణానిదే. ఊపి ఏరింది నేనే. నీళ్లు నిండుగా ఉన్నాయి.