నెత్తళ్ళ సంచీ

నా చిన్నప్పుడు మా అమ్మకు దుబాసీని నేనే. నాన్నకు స్టీల్ ప్లాంటులో ఉద్యోగం దొరికి శ్రీకాకుళం పక్క పల్లె నుంచి భిలాయి వచ్చినప్పుడు అమ్మకు హిందీలో ఒక్క ముక్క రాదు. నేను ఇక్కడే పుట్టాను, క్వార్టర్ల మధ్య ఆడుకుంటూ హిందీ పట్టేశాను. నిజం చెప్పాలంటే తెలుగే నాకు కాస్త తడబడేది. అందుకని ఆసుపత్రికి వెళ్ళినా బజారుకు వెళ్ళినా అమ్మ పక్కన నేనుండాలి. అమ్మ మాట ఎదుటివాళ్ళకు, ఎదుటివాళ్ళ మాట అమ్మకు చేరవేయాలి. ఎనిమిదేళ్ళ పిల్లకు అది పెద్ద హోదా. ఆ హోదా నా గొంతుకు ఎక్కడ అడ్డం పడిందో చెప్తాను. అరవై దాటాను, ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆ ఏడు క్రిస్మస్‌కు నాకు గౌను కుట్టించాలి. మా సెక్టార్ మార్కెట్లో పెద్ద బట్టల కొట్టు ఒకటి ఉండేది. దాని అద్దాల వెనక ఆకాశం రంగు మీద తెల్ల చుక్కలున్న గుడ్డ వేలాడదీశారు. బడికి పోతూ వస్తూ దాని ముందు ఆగేదాన్ని. అదే కావాలని అమ్మ ప్రాణం తోడేశాను. ఒకరోజు మా ఊరి నుంచి ఎవరో రైల్లో వస్తూ అమ్మమ్మ పంపిన ఎండు చేపలు, నెత్తళ్ళు తెచ్చారు. పక్కనున్న దుర్గ్ స్టేషన్‌కు వెళ్ళి ఆ మూట తీసుకుని తిరిగి వస్తుంటే, నా పోరు పడలేక అమ్మ ఆ సంచీతోనే కొట్టు మెట్లెక్కింది. ముందు ఇంటికి వెళ్ళి సంచీ దింపి రావాలన్న ఆలోచన మా ఇద్దరికీ రాలేదు. మాకది అమ్మమ్మ ఇంటి వాసన. ఇంకొకరికి అది కంపు కావచ్చని మా సముద్రం పక్క మనుషులకు తొందరగా తట్టదు.

కొట్లో తెల్లటి పరుపు, దాని మీద సేఠ్. అమ్మ చెప్పులు విప్పి పరుపు అంచున ఒదిగి కూర్చుంది. నేను గుడ్డ చూపించాను. నౌకరు దాన్ని దించి పరిచాడు. అమ్మ వేళ్ళతో నలిపి చూద్దామని చెయ్యి చాచింది. సేఠ్ ముక్కు మూసుకుని, "ఏ మఛ్లీవాలీ, హాథ్ మత్ లగానా. దూర్ సే దేఖ్," అన్నాడు. ఏయ్ చేపలదానా, చెయ్యి పెట్టకు, దూరం నుంచే చూడు అని. పక్కన చీరలు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

అమ్మ నావైపు తిరిగి, "ఏటంతన్నాడే?" అంది.

అంతవరకూ ఎవరేమన్నా ఉన్నదున్నట్టు చెప్పినదాన్ని, ఆ రోజు మొదటిసారి అబద్ధమాడాను. "మంచి గుడ్డంటమ్మా, ఎన్నిసార్లుతికినా రంగు పోదంట," అన్నాను. అమ్మ సేఠ్ వైపు చూసి నవ్వి "అచ్ఛా, అచ్ఛా" అని తలూపింది. తనను ఛీ కొట్టినవాడిని చూసి మా అమ్మ నవ్వింది! అది నా వల్లే కదా అని నాకు ఏడుపొచ్చింది. రెండు మీటర్లు కోయించి, సేఠ్ మా ముందుకు విసిరేసిన పొట్లం ఏరుకుని ఇంటికొచ్చాం. ఆ గుడ్డ మీద అప్పటిదాకా ఉన్న మోజంతా దారిలోనే పోయింది.

మర్నాడు పక్క క్వార్టర్ పెద్దమ్మ దగ్గరకు పోయి అంతా కక్కేశాను. ఆవిడ మాకు చుట్టమేం కాదు. చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద కాబట్టి అందరికీ పెద్దమ్మే. ఆవిడ నన్ను ఓదార్చలేదు, కళ్ళు తుడవలేదు. బియ్యంలో రాళ్ళేరుతూ చివరిదాకా విని, "ఆ నౌకరు మజ్జానం తిండికి ఎన్నింటికెల్తాడో సూసి రా," అంది. నేను ఇంత బాధ చెప్పుకుంటే ఈవిడకు నౌకరు తిండి గొడవేమిటా అనుకున్నాను. బడి నుంచి వస్తూ చూసి, ఒంటిగంటకని చెప్పాను. సేఠ్ అన్న మాట అమ్మకు తెలియనివ్వద్దని ఒట్టు కూడా వేయించుకున్నాను.

మా చర్చి ఆడవాళ్ళకు ఒక ఆనవాయితీ ఉంది. క్రిస్మస్ ఆరాధనకు సమాజంలోని వాళ్ళంతా ఒకే రంగు, ఒకే అంచు చీర కట్టుకుని వరుసగా నిలబడి పాడతారు. ఆ రోజుల్లో నలభై మంది. ఆ నలభై చీరలూ ఏ కొట్లో కొనాలన్నది ఏటేటా పెద్దమ్మ ఇష్టం.

వారం తర్వాత సరిగ్గా ఒంటిగంటకు పెద్దమ్మ, అమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్ళు, వాళ్ళ వెనక నేను ఆ కొట్టు ఎక్కాం. నా చుక్కల గౌను అప్పటికే కుట్టి వచ్చింది. వేసుకోనని మొరాయిస్తే పెద్దమ్మే కసిరి వేయించింది. తనకు హిందీ బాగానే వచ్చినా నన్ను ముందు కూర్చోబెట్టి, అన్నీ నాచేతే చెప్పించింది. నలభై చీరలన్న మాట వినగానే సేఠ్ ముఖం వెలిగిపోయింది. మమ్మల్ని గుర్తే పట్టలేదు. నౌకరు లేడు కాబట్టి తనే లేచి, పంచె ఎగ్గట్టి, నిచ్చెన ఎక్కి దిగడం మొదలుపెట్టాడు. నీలం చూపించమంటే నీలం, అంచు వెడల్పుగా ఉండాలంటే అది, కాదు సన్నంగా ఉండాలంటే ఇది. మాకు చాయ్ తెప్పించాడు. ఒక్కొక్క చీరా మడత విప్పించి పరిపించి, పెద్దమ్మ తీరిగ్గా పెదవి విరిచేది. కాసేపటికి మా చుట్టూ మోకాళ్ళ ఎత్తున చీరలు పోగుపడ్డాయి.

అప్పుడు పెద్దమ్మ తన సంచీని ఒళ్ళోకి లాక్కుని మూతి విప్పింది. అందులో ఏముందో నాకు ముక్కు చెప్పింది. నెత్తళ్ళు. కొట్టంతా గుప్పుమంది. సేఠ్ ముక్కుపుటాలు అదిరాయి. ఏమీ ఎరగనట్టు లేచి వెళ్ళి గోడకున్న పటం దగ్గర రెండు అగరొత్తులు వెలిగించి, నవ్వు ముఖంతో మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"ఏటైనా వాసనొస్తందేటో అడుగే," అంది పెద్దమ్మ నాతో. అడిగాను.

"నహీ బేటీ, బిల్కుల్ నహీ," అన్నాడు సేఠ్. అబ్బే, అస్సల్లేదమ్మా అని చేతులూపాడు.

"అయితే ఆ పూట ఇతగాడు మీ అమ్మనేటన్నాడో, అదే ఇప్పుడు ఇతగాడికి సెప్పు. గట్టిగా సెప్పాల."

చెప్తే అమ్మ వింటుంది. తనను తిట్టారని, నేను అబద్ధమాడానని, తను నవ్విందెందుకో కూడా తెలిసిపోతుంది. అమ్మ ముఖం చూడలేక గౌను అంచు నలుపుతూ కూర్చున్నాను. అమ్మే నా వీపు మీద చెయ్యేసింది.

"సెప్పీవే. మఛ్లీ అంటే నాకు తెల్దేటే? వారం వారం బజార్లో కొన్నది నానే గదా."

అంటే ఆ రోజే అమ్మకు అంతా తెలుసు! తర్వాత ఏడుస్తూనో అరుస్తూనో నాకే తెలియదు, సేఠ్ ముఖంలోకి చూస్తూ ఆ మాటలన్నీ ఆయన గొంతుతోనే తిరిగి అప్పజెప్పాను. మఛ్లీవాలీ దగ్గర నుంచి దూర్ సే దేఖ్ దాకా. సేఠ్ చూపు నా గౌను మీదా, అమ్మ మీదా, సంచీ మీదా తిరిగింది. గుర్తొచ్చింది. పెద్దమ్మ చాయ్ ఆఖరి గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, సంచీ మూతి కట్టి లేచింది. మేమందరం లేచాం. తిన్నగా రోడ్డు దాటి ఎదురుగా ఉన్న చిన్న కొట్టుకెళ్ళి నలభై చీరలూ అక్కడ కొన్నాం. సేఠ్‌కు కనిపించేలా గుమ్మంలోనే కూర్చుని కొన్నాం. ఆయన ఒక్కడే ఆ పోగు మధ్య చీరలు మడతపెట్టుకుంటూ మమ్మల్నే చూశాడు. నేనూ చూశాను, కన్ను తిప్పకుండా. అంత కమ్మటి మధ్యాహ్నం నా జీవితంలో మళ్ళీ రాలేదు.

"గౌను గుడ్డకొచ్చిన మనిషిని సూశాడు గానీ, ఆ మనిషి యెనకాల ఎంతమందున్నారో సూళ్ళేదు. అదేటి యాపారం?" అంది పెద్దమ్మ దారిలో. మొన్న మా కోడలు సేల్స్ ట్రైనింగని రెండు రోజులు వెళ్ళి వచ్చి చెప్పింది కూడా ఇదే. ఆ ఆదివారం పాస్టరుగారు క్షమాపణ గురించి ప్రసంగించారు. పెద్దమ్మ ముందు బెంచీలో కూర్చుని ఎంతో భక్తిగా తలూపింది. ఆ తర్వాత ఎన్నో క్రిస్మస్‌లు వచ్చాయి, మా చర్చి ఆడవాళ్ళు ఒక్కరూ ఆ కొట్టు మెట్టెక్కలేదు.

తెలిసి కూడా ఎందుకు నవ్వావని అమ్మను అడిగాను. "నాను కోప్పడితే గుడ్డ వొదిలీసి రావాల. నువ్వేమో ఆ గుడ్డ మీద పేణం పెట్టుకున్నావు," అంది. మరి ఏటంతన్నాడని నన్నెందుకడిగావంటే, "నీకు అరదమైందో లేదో సూద్దారని. నువ్వలాగ మార్చి సెప్పీసరికి అయిందని తెలిసింది. మరింక నవ్వక ఏటి సెయ్యాల?" అంది. సేఠ్ మీద నా పగ ఆ మాటతో రెట్టింపైంది. ఈ రోజుకీ తగ్గలేదు.

పెళ్ళయ్యాక భిలాయిలోనే మరోదా అనే చోట నేనూ చీరల కొట్టు పెట్టాను. అయిదారేళ్ళ కిందట ఒక ముసలాయన మనవరాలి చెయ్యి పట్టుకుని మెట్లెక్కాడు. నడుం వంగిపోయింది, కళ్ళకు దళసరి అద్దాలు. ఆ సేఠేనని చూడగానే పోల్చుకున్నాను. ఆయన నన్ను పోల్చుకోలేదు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. నిచ్చెన నేనే ఎక్కాను. ఆ పిల్ల అడిగినవీ అడగనివీ అన్నీ పరిచాను. ఒక పట్టుచీర దగ్గర ముసలాయన చెయ్యి చాచి, గ్లాసు తడి వేళ్ళకు ఉందని గమనించి వెనక్కి తీసుకున్నాడు.

"హాథ్ లగాయియే బాబూజీ, హాథ్ లగాకే దేఖియే," అన్నాను. పెట్టండి బాబూజీ, చెయ్యి పెట్టే చూడండి అని.

ఆయన మురిసిపోయి, కొట్టంటే ఇలా ఉండాలి అని మనవరాలితో అన్నాడు. మూల కుర్చీలో కూర్చున్న మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

నా కొట్లో ఎవరైనా చెయ్యి చాచి జంకితే ఇప్పటికీ ఆ మాటే అంటాను. అందరూ దాన్ని మర్యాద అనుకుంటారు. అదేమిటో అమ్మకూ నాకూ మాత్రమే తెలుసు.