ఒక పేరు మీద రెండు బొటనవేళ్లు

ఆ హాజరీ పుస్తకానికి చీమలు పట్టేవి.

జగదల్‌పూర్ శివార్లలో ఒక చింతపండు గోదాము అది. అక్కడ గాలి కూడా పుల్లగానే ఉంటుంది. రోజంతా గింజలు తీసిన ఆడవాళ్ల చేతులు సాయంత్రానికి ముదురు గోధుమరంగుకు తిరుగుతాయి. సిరా పెట్టె ఎప్పుడూ ఎండిపోయే ఉంటుంది కాబట్టి, ఆ ఎడమ బొటనవేలినే పుస్తకం మీద ఒత్తేసి ఇంటికి పోతారు. మర్నాడు పుస్తకం తెరిస్తే చీమలు ఒక పేరు మీంచి ఇంకో పేరు మీదికి తీరుబడిగా నడుస్తుంటాయి. ఆ ఆడవాళ్లలో ఒకతె, ముయె, పని మరిచి వాటినే చూస్తూ నిలబడేది. చదువు రాని ఆమె కళ్లకు, అక్షరాలే లేచి ఎటో వలస పోతున్నట్టు ఉండేది.

"ఏటే, సూత్తన్నావు? నీ పేరుని సీమలెత్తుకుపోతాయనేటి?" అనేది రత్నమాల. పుస్తకం రాసేది ఆమే. వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కిరండూల్ రైలు లైన్లో గ్యాంగ్‌మన్‌గా చేశాడు. ఆమె ఇక్కడే పుట్టి పెరిగినా ఇంటి మాట మాత్రం మారలేదు.

"పోతే పోనీ అక్కా. మల్ల రాస్తవు గదా," అనేది ముయె.

ముయెది దోర్నపాల్ నుంచి అడవి లోపలికి పోతే వచ్చే ఒక ఊరు. ఆరేళ్ల కింద ఇక్కడికి వచ్చినప్పుడు ఆమె పేరును రత్నమాలే రాసింది. ఆ రోజు ముయెకు ఒక సంగతి వింతగా తోచింది. అత్తగారింట్లో ఆమెను ఎవరూ పేరుతో పిలవరు. పెద్దవాళ్లకు కోడలు, చిన్నవాళ్లకు వదిన. తన పేరు ఒకచోట కాగితం మీద కుదురుగా కూర్చుని ఉంటుందన్న ఊహ ఆమెకు చాలా రోజులు నిద్రలో కూడా తీయగా ఉండేది.

పని చేసే ప్రతి మనిషి పేరూ, చేరిన తేదీ, వచ్చిన రోజులూ యజమాని రాసి ఉంచాలని చట్టం. మంచి చట్టమే. కూలీ ఫలానా చోట పని చేసిందని చెప్పడానికి ఆ పుస్తకం తప్ప ఆమెకు ఇంకో సాక్ష్యం ఉండదు. ఆ సాక్ష్యం మాత్రం యజమాని బీరువాలో ఉంటుంది. తాళంచెవి గోదాము లెక్కలు చూసే మునీమ్ మొలతాడుకు వేలాడుతుంటుంది. పైగా ఆ గోదాములో ప్రతి బస్తాకూ ఒక చీటీ ఉంది. ఏ సంతలో కొన్నారు, ఏ రోజు వచ్చింది, చలిగదిలో ఏ వరసలో ఉంది, అన్నీ దాని మీద ఉంటాయి. ఒక బస్తా చోటు మారితే యజమాని సేఠ్ అరగంటలో కనిపెడతాడు. మనిషే మారితే నాలుగేళ్లయినా అడగలేదు.

అవును, మనిషి మారింది. అది మోసమని ముయెకు ఎప్పుడూ తోచలేదు. వాళ్ల ఊళ్లో ఒకరి ఇల్లు కప్పాలన్నా, చేనికి కంచె వెయ్యాలన్నా ఇంటికో మనిషి పోతారు. నిన్న అన్న పోతే ఇవాళ చెల్లెలు పోతుంది. నిన్నటి మనిషి ఏడీ అని ఎవరూ అడగరు. వచ్చింది ఆ ఇల్లే కదా. గోదాములో రాసిన పేరు కూడా అలాంటిదేననుకుంది ముయె. ఇల్లు ఒకటి, పేరు ఒకటి, చేతులు ఎవరివైతేనేం?

అందుకే నాలుగేళ్లుగా ఏటా ఇప్పపూలు రాలే రోజుల్లో ఆమె ఊరికి పోయేది. తమ చెట్లు ఏవో, ఏ చెట్టు ముందు రాలుతుందో ఆమెకే తెలుసు. ఆమె బదులు ఆడబిడ్డ సోమ్లీ గోదాముకు వచ్చేది. ఇద్దరూ దోర్నపాల్ బస్సుల దగ్గర కలుసుకునేవాళ్లు. ముయె తన తలగుడ్డ విప్పి సోమ్లీ తలకు చుట్టేది. అందులోంచి చింతపండు వాసన గుప్పుమనేది.

"ఇగ నువ్వే ముయె," అనేది వదిన.

"అయితే మా అన్న నా మొగుడా ఏంది? ఛీ!" అని సోమ్లీ పకపకా నవ్వేది. నవ్వుతూనే ఎదురు బస్సు ఎక్కేది.

సోమ్లీ ఎడమ బొటనవేలి మీద అడ్డంగా ఒక గాటు ఉంది. చిన్నప్పుడు గడ్డి కోస్తుంటే కొడవలికి తెగింది. అప్పుడే కొత్తకోడలుగా వచ్చిన ముయె ఆకు నలిపి, పసరు పిండి, కట్టు కట్టింది. గాయం మానింది గాని గీత ఉండిపోయింది.

ఈ ఏడు ఇప్పపూల కాలంలో, సోమ్లీ వచ్చిన పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం, చింతపండును దిమ్మలుగా నొక్కే ప్రెస్సులో ఆమె ఎడమ చెయ్యి పడింది. బొటనవేలు పోయింది. ఆ వేళకు ముయె ఊళ్లో చాప మీద పూలు ఆరబోస్తోంది. పూల వాసనకు కళ్లు బరువెక్కి, తాను నేల మీద కాదు, ఏదో తెల్లటి నీళ్ల మీద కూర్చున్నట్టు ఉందామెకు. పొరుగింటాయన ఫోను పట్టుకుని పరుగున వచ్చాడు.

ఆస్పత్రి మంచం మీద సోమ్లీ మెల్లగా చెప్పింది. "వదినా, లేని ఏలు దురద పెడతంది. కండ్లు మూస్తే అది ఒక్కటే అడవిలకు పోయి పూలు ఏరుతంది. నేను పిలిస్తే రాదు."

"వస్తది తియ్," అంది ముయె.

మిగిలిన వేళ్లు నిలవాలంటే రాయ్‌పూర్‌లో ఇంకో ఆపరేషన్ చెయ్యాలన్నారు డాక్టర్లు. పనిలో దెబ్బ తగిలిందని రాసి ఉంటే యజమానే చేయించాలి. సేఠ్ ఒక కాగితం పంపాడు. అందులో, సోమ్లీ చింతపండు అమ్మడానికి వచ్చి, తనంతట తానే మిషన్‌లో చెయ్యి పెట్టిందని రాసి ఉంది. కింద కుడిచేతి వేలిముద్ర వెయ్యమన్నారు. సోమ్లీ చెయ్యి ముడుచుకుంది.

ఆస్పత్రి నుంచి ఫిర్యాదు వెళ్లాక లేబర్ ఆఫీసు నుంచి ఒక మేడం వస్తోందని తెలిసింది. ముందురోజు మధ్యాహ్నం రత్నమాల, మళ్లీ పనిలోకి వచ్చిన ముయెను బస్తాల చాటుకు పిలిచింది.

"ఇనవే. ఏడాదికి రెండొందల నలబై రోజులు నిండినోళ్లని పర్మనెంటు సేత్తారు ఈ పాలి. జాబితా నానే రాసినాను. నీయి రెండొందల యాబై మూడు. ఆ పంతొమ్మిదీ సోమ్లీవని సెప్పేవనుకో, మరేటి మిగల్తాది?"

ముయె వేళ్ల మీద లెక్క వేసుకుంది. ఆరు తక్కువ.

"నువ్వేం చెప్తవు అక్కా?"

"నానేటి సెప్పేది! నా నోరూ కట్టేసే ఉంది," అని రత్నమాల పైట చెంగుతో ముఖం తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ముయె పుస్తకం మీద వేలు ఒత్తింది గాని, తియ్యడానికి మనసు రాలేదు. ఆరేళ్లుగా తీయగా ఉన్న పేరు. అది ఈ సారి పర్మనెంటువాళ్ల పెద్ద పుస్తకంలోకి పోబోతోంది.

మర్నాడు వచ్చిన మేడం వయసులో చిన్నదే, భుజాన సంచి వేసుకుని ఉంది. మునీమ్ పుస్తకం ఆమె ముందు పరిచి హిందీలో గడగడా చెప్పాడు. "చూసుకోండి. సోమ్లీ అనే పేరే లేదు. ఆ రోజు హాజరు ముయెది. ముయె చేతులు నిక్షేపంగా ఉన్నాయి, అదుగో! దారినపోయే మనిషి వచ్చి మిషన్‌లో చెయ్యి పెడితే మాదా తప్పు?"

ముయె ముందుకు వచ్చింది. "అక్కా, ఆ పుస్తకం నాకు ఒక్కసారి ఇయ్యమను."

"ఎందుకు, చదువుతావా?" అని మునీమ్ నవ్వాడు.

"సదువుత."

మేడం పుస్తకాన్ని ఆమె వైపు తిప్పింది. ముయె నేల మీద గొంతుక్కూర్చుని పుస్తకం ఒళ్లో పెట్టుకుంది. తడి మట్టిలో ఏ అడుగు ఆవుది, ఏ అడుగు దుప్పిది అని చూసినట్టు చూసింది. అక్షరాల జోలికి పోలేదు. గోధుమరంగు ముద్రల మీద వేలు పెట్టి నడిపించింది.

"ఇది నేను. ఇదీ నేనే. ఇది... ఆగు. ఇది సోమ్లీ. గీత చూడు, నడుమల తెల్లగ. ఇది సోమ్లీ. ఇది సోమ్లీ."

పద్దెనిమిది గళ్ల దాకా ఆ తెల్లగీత పోయింది. పంతొమ్మిదో గడిలో, దెబ్బ తగిలిన రోజున, హాజరు గుర్తు ఉంది గాని వేలిముద్ర లేదు.

మేడం వంగి చూసింది. "ఈ గీత ఉన్న వేలు సోమ్లీదేనని ఎలా తెలుస్తుంది? ఆ వేలు ఇప్పుడు లేదు కదా?"

ముయె కొంగులోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. ఆస్పత్రిలో ఏదైనా గుర్తింపు కార్డు తెమ్మంటే ఊరి నుంచి తెచ్చిన సోమ్లీ తునికాకు కూలీ కార్డు అది. దాని మీద ఫోటో ఉంది. ఫోటో పక్కన నీలిరంగు వేలిముద్ర, దాని మధ్య అదే గీత. మేడం కార్డును పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు చూసింది. ఒక చీమ పుస్తకం దిగి కార్డు ఎక్కింది. ఎవరూ దాన్ని ఊదలేదు.

"ఇది మోసం మేడం! ఇద్దరూ కలిసి ఒక పేరుతో..." అని మునీమ్ గొంతు లేపాడు.

"మోసమేటండి?" అంది రత్నమాల. అంతవరకు గోడకు ఆనుకుని ఉన్న మనిషి. "పేరు నిండితే సాలు, మనిసెవరైతేనేటని మీరే కదేటి అన్నారు? నాలుగేళ్లు నానే రాసినాను. నా పేరూ రాసుకోండి మేడం." తర్వాత అదే మాట హిందీలో చెప్పింది, ఒక్క ముక్క తగ్గించకుండా.

మేడం ముయె వైపు తిరిగింది. "అయితే ఆ రోజుల్లో నువ్వు పనికి రాలేదని కూడా రాయాలి. తెలుసా?"

రత్నమాల దాన్ని తెలుగులోకి మార్చడానికి తడబడింది. అవసరం లేకపోయింది. ఆరేళ్లలో ముయెకు అంతమాత్రం హిందీ వచ్చింది.

"రాయమను. నేను అడవిల ఉన్న. యాడున్నోళ్లను ఆడ ఉన్నట్టే రాయాలె."

"సోమ్లీ మొదట ఎప్పుడు వచ్చింది?"

పాత పుస్తకాలు బీరువాలోంచి తెప్పించారు. జిగురుకు పేజీలు అంటుకుపోయి ఉన్నాయి. ముయె ఒక్కొక్కటే ఊదుతూ విడదీసింది. నాలుగో పుస్తకంలో, ఇప్పపూల నెలలో, తెల్లగీత మొదటిసారి కనిపించింది. కొత్త మనిషి బెరుకుతో ఒత్తిన సగం ముద్ర. మేడం ఆ తేదీనే సోమ్లీ చేరిన రోజుగా రాయించింది. దెబ్బ తగిలింది పనిలోనేనని కింద తన సంతకం పెట్టి, పుస్తకాలన్నీ సంచిలో వేసుకుంది. మునీమ్ తాళంచెవి మొలతాడుకు ఊరికే వేలాడుతూ ఉంది.

ఆస్పత్రిలో సంగతి విని సోమ్లీ లేచి కూర్చుంది. "నా ఏలు ఆడున్నదా వదినా?"

"ఉన్నది. నాలుగేండ్లది ఉన్నది. పిలిస్తే ఎందుకు వస్తది, అది డ్యూటీల ఉన్నది."

సోమ్లీ చాలా రోజులకు నవ్వింది. ఆ వారమే ఆమెను రాయ్‌పూర్ పంపారు.

పర్మనెంటు జాబితాలోంచి ముయె పేరు కొట్టేశారు. ఆరు రోజులు తక్కువైనందుకు. ప్రెస్సు మీద రక్తం కడిగించడానికి రెండు గంటలు పని ఆపినవాళ్లు, ఆరు రోజులు మన్నించలేకపోయారు.

గోదాముకు కొత్త పుస్తకం వచ్చింది. ఇంకా చీమలు కనిపెట్టలేదు. మొదటి సాయంత్రం రత్నమాల పేర్లు పిలుస్తూ ముయె దగ్గరికి వచ్చింది. ముయె గోధుమరంగు వేలు ఒత్తింది. కింద గడిలో పేరు సోమ్లీది. రత్నమాల తల ఎత్తలేదు. ఇన్నేళ్ల అలవాటు కొద్దీ ముయె వేలు తానే ఆ గడి మీదికి పోయింది. పోయి, కాగితానికి అంగుళం పైన ఆగింది.

"ఆమె ఆస్పత్రిల ఉన్నది," అంది. "ఆమె పేరు మీద ఎవరూ ఏలు వెయ్యొద్దు అక్కా. ఆమెనే వచ్చి వేస్తది."

రత్నమాల పెన్ను తీసి ఆ గడిలో, పట్టేంత చిన్న అక్షరాలతో, 'పనిలో గాయం, సెలవు' అని రాసింది.