కత్తివీరుడి పుణ్యాన ఆదివారం భోజనం

ఆ రోజుల్లో అమెరికాలో తెలుగు సినిమా చూడడమంటే ఇప్పటిలా సోఫాలో పడుకుని బొటనవేలితో మీట నొక్కడం కాదు. ఇవాళ డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో రాయి విసిరితే ఎవరో ఒక తెలుగువాడి కారు అద్దం పగులుతుంది. డెబ్భైల చివర్లో ఆ రాయి చక్కగా గడ్డిలో పడేది. ఊరి మొత్తానికి (ఊరంటే డాలస్ చుట్టూ ఎనభై మైళ్ళు) ముప్ఫై కుటుంబాలూ, నాలాంటి బ్రహ్మచారులు ఓ పదిమందీ ఉండేవాళ్ళం. మా నాన్న రోజుకో ఇంట్లో వారాలు చేసుకుని చదువుకున్నాడు. నేను అమెరికా వచ్చి అభివృద్ధి చెంది వారాంతాలు చేసుకున్నాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా బ్రెడ్డూ ఆవకాయా, శని ఆదివారాలు ఎవరో ఒకరింట్లో పప్పూ కూరా పెరుగూ. ఆ ఇళ్ళలో పెద్దిల్లు మా తెలుగు సంఘం ప్రెసిడెంటుగారిది. గుండె డాక్టరు. ఆయన పిలిస్తే మిగతావాళ్ళూ పిలిచేవారు, ఆయన మానేస్తే వాళ్ళకీ ఆ వారం ఏదో పని పడేది. మాటకి ముందోసారి, వెనకోసారి "పద్ధతంటూ ఒకటుండాలి కదయ్యా" అనేవారు. ఆ పద్ధతి నేను అప్పటికే రెండుసార్లు తప్పాను (ఉగాది పులిహోర గిన్నె కారు పైకప్పు మీద మర్చిపోయి హైవే ఎక్కడం ఒకటి, రెండోది ఇక్కడ చెప్పను). నెలకోసారి వచ్చే సినిమా పెట్టె బాధ్యత నాకప్పగిస్తూ, ఇదే ఆఖరి అవకాశమన్నారు.

సినిమా రీళ్ళు గోధుమరంగు పెట్టెలో బస్సు పార్సిల్లో వచ్చేవి. మేం చూసి, తర్వాతి ఊరికి పంపించాలి. యూనివర్సిటీ హాలు మాకు ఆదివారం మధ్యాహ్నం ఇచ్చేవారు. ముందురోజు అదే హాలు చైనా విద్యార్థులది. వాళ్ళు వేసేవన్నీ కత్తియుద్ధాల సినిమాలు, వాటికి నేను ఎవరికీ చెప్పకుండా బానిసనైపోయాను. తెల్లబట్టల వీరుడు వెదురు చిటారుకొమ్మ మీద నిలబడి, కిందనున్న నలభైమందితో ముందు మర్యాదగా మాట్లాడి, తర్వాత నరుకుతాడు. గురువుగారికి తెల్లగడ్డం, ఆయన మొదటి రీల్లోనే పోతాడు. హీరోయిన్ మగవేషం వేసుకుంటే లోకమంతా నమ్ముతుంది. చిన్నప్పుడు నేలటిక్కెట్టులో చూసిన జానపదాలకీ వీటికీ తేడా అల్లా పాటలు లేకపోవడమే. ఆ శనివారం బస్ స్టేషన్లో మన పెట్టె తీసుకుని తిన్నగా అక్కడికే వెళ్ళి, ప్రొజెక్టర్ దగ్గర వాళ్ళ పెట్టె పక్కనే పెట్టి కూర్చున్నాను (రెండూ కవలపిల్లల్లా ఉన్నాయన్నది నాకు తట్టలేదు). ఇంకో రీలు మిగిలి ఉండగా ప్రెసిడెంటుగారింట్లో ఆ సాయంత్రం గుత్తివంకాయ అన్న సంగతి గుర్తొచ్చింది. పెట్టె రేపు ఎలాగూ ఇక్కడే కావాలి కదా అని దాన్ని అక్కడే వదిలేసి భోజనానికి పరుగెత్తాను. చైనావాళ్ళు సినిమా అయ్యాక ఒక పెట్టె పట్టుకెళ్ళి హ్యూస్టన్ బస్సెక్కించారు. ఏ పెట్టెక్కించారో వేరే చెప్పాలా.

ఆదివారం హాలు నిండిపోయింది. ముందు వరసలో ప్రెసిడెంటుగారు, పక్కన ఆయన అత్తగారు. తెనాలి నుంచి వచ్చి నాలుగు నెలలైంది, అందరం బామ్మగారనే వాళ్ళం. దీపాలు ఆర్పారు. తెర మీద వెదురుతోట, తెల్లబట్టలు, చైనా మాటలు. హాలంతా ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూసింది. తప్పు ఒప్పుకుని ఆపేస్తే నా వారాంతాలు అక్కడితో సరి. ప్రెసిడెంటుగారు లేచేలోగా, ప్రకటనల కోసం పెట్టిన మైకు నా చేతిలోకి ఎలా వచ్చిందో తెలీదు, "అనగనగా ధవళగిరి రాజ్యంలో శూరవర్మ అనే యువకుడు" అనేశాను. కథ ముందురోజు చూసిందే, తెర అడుగున ఇంగ్లీషు అక్షరాలూ పడుతున్నాయి. గురువుగారి గొంతు, శూరవర్మ గొంతు, మగవేషంలో ఉన్న రాకుమారి గొంతు (ఇది కాస్త దూడ అరుపులా వచ్చింది) అన్నీ నేనే. పది నిమిషాలకి పిల్లలు ముందుకొచ్చి కూర్చున్నారు, అరగంటకి ఈలలు మొదలయ్యాయి. ఈల వినపడితే తెలుగువాడికి ఒళ్ళు తెలీదు కదా, నాకూ తెలీలేదు. అంతలో విలన్ వచ్చాడు, పట్టుబట్టల్లో, విసనకర్రతో. ఏం మాట్లాడించాలో తోచక నోరు తెరిస్తే, అందులోంచి ప్రెసిడెంటుగారు వచ్చారు. "చంపడానికైనా పద్ధతంటూ ఒకటుండాలి కదయ్యా" అన్నాడు విలన్. హాలు దద్దరిల్లిపోయింది. అందరికంటే ఎక్కువ నవ్వింది బామ్మగారే, అల్లుడి పక్కనే, కొంగు నోటికడ్డం పెట్టుకుని. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. నేను విలన్‌తో ఆ మాట మరో పదకొండుసార్లు అనిపించాను.

ఆఖరి రీలు నేను చూడనిది, గుత్తివంకాయకి బలైపోయినది. అయినా అక్షరాలున్నాయి కదా అన్న ధైర్యంతో, రీలు మార్చే విరామంలో శూరవర్మకీ రాకుమారికీ పెళ్ళని ప్రకటించేశాను, బాజాలు కూడా నోటితో వాయించాను. రీలు మొదలైంది. మొత్తం మంచు. తెల్లటి మంచు మీద తెల్లటి అక్షరాలు, ఒక్కటి కనపడితే ఒట్టు. శూరవర్మ విలన్‌ని చంపాడు. తర్వాత విలన్ కత్తి తన గుండెల్లో ఉండగా, తన కత్తి మీద ఆనుకుని నిలబడి, కదలడం మానేశాడు. రాకుమారి తన కత్తి విరిచి మంచులో పారేసి వెళ్ళిపోయింది. మైకు పట్టుకుని నేనూ కదలడం మానేశాను. చీకట్లో బామ్మగారి గొంతు వినిపించింది.

"ఏం నాయనా, ఆ పిల్లాడు పోయాడా?"

"లేదు బామ్మగారూ, అలసిపోయి కాస్త కునుకు తీస్తున్నాడు."

"గుండెల్లో కత్తి పెట్టుకునా?"

"మన ఊళ్ళో మంచి గుండె డాక్టరున్నారు కదండీ" అన్నాను.

డాక్టరుగారు నవ్వలేదు. పార్కింగ్ లాట్‌లో నన్ను పక్కకి పిలిచి, ఎంతో మర్యాదగా, "వీకెండ్స్‌లో అంత దూరం డ్రైవ్ చేసుకుని రావడం నీకు స్ట్రెయిన్ కదయ్యా, ఇకనుంచి రెస్ట్ తీసుకో" అన్నారు. ఆ వారం ఊరందరికీ ఏదో పని పడింది. శనివారం బ్రెడ్డు, ఆదివారం బ్రెడ్డు. ఇరవై నాలుగేళ్ళవాణ్ణి, చెప్పడానికి సిగ్గేమిటి, ఆవకాయ జాడీ ముందు కూర్చుని ఏడ్చాను (కారం పాత్ర కూడా కొంత ఉంది). మూడో వారం ఆయనే ఫోన్ చేశారు. వాళ్ళ అత్తగారు నన్ను రమ్మంటున్నారనీ, ఆ చైనా కుర్రాడు లేచాడో లేదో తెలిస్తేగాని ఆవిడకి అన్నం సయించడం లేదనీ చెప్పి, నా జవాబు వినకుండా పెట్టేశారు.

వెళ్ళాను. కంచం ముందు కూర్చోబెట్టి, పప్పులో నెయ్యి వేసి, "ఊఁ, తర్వాత?" అన్నారు బామ్మగారు. ఏవో మూలికలు పూసి శూరవర్మని లేపాను. పై ఆదివారం పెళ్ళి చేశాను. ఆ పై ఆదివారం రాకుమారికి అత్తగారితో గొడవ, తర్వాత సీమంతం, కవలలు, బారసాల. ప్రెసిడెంటుగారు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవారు. ఒకసారి ఆ పేపరు వెనకనుంచి, "పోయినవారం గుర్రం నల్లదన్నావు" అని వినిపించింది. ఇలా రెండు నెలలు. నేను మహా కథకుణ్ణనీ, పెద్దావిణ్ణి చంటిపిల్లలా ఆడిస్తున్నాననీ లోలోపల ఎంత గర్వమో.

ఆవిడ తిరిగి వెళ్ళే రోజు ఎయిర్‌పోర్ట్‌లో సామాను నేనే మోశాను. అల్లుడు టికెట్లు చూపించడానికి వెళ్ళగానే బామ్మగారు నన్ను దగ్గరికి రమ్మన్నారు.

"ఇప్పుడైనా నిజం చెప్పు నాయనా. ఆ పిల్లాడు ఆవేళే పోయాడు కదూ?"

తలవంచుకుని అవునన్నాను.

"తెలుసులే. అంత కత్తి దిగాక ఎవడు బతుకుతాడు? ఊరికే భోజనానికి పిలవమంటే మా అల్లుడు ఒప్పుకోడు. పిలిచినా నువ్వు మొహమాటపడతావు. కథ చెబుతూ అయితే ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తింటావని."

ఇప్పుడు నాకు దాదాపు అప్పటి ఆవిడ వయసు. మంచులో నిలబడి ప్రాణం వదిలిన ఆ వీరుడంటే ఇప్పటికీ గౌరవమే. కానీ, నోటినిండా అన్నం పెట్టుకుని ఆవిణ్ణి మోసం చేస్తున్నాననుకున్న ఆ కుర్రకుంకని తలుచుకుంటే మాత్రం నవ్వొస్తుంది, నవ్వుతూ నవ్వుతూనే ఆవేళ రెండు ముద్దలు ఎక్కువ తింటాను.